పాత పీసీలో కౌంటర్ స్ట్రైక్ 2: ఏ భాగం మార్చాలి, ఎక్కడ ఆపాలి

2023 సెప్టెంబర్ 27న వాల్వ్ సంస్థ ఆన్‌లైన్ కాల్పుల గేమ్ కౌంటర్ స్ట్రైక్ 2ను విడుదల చేసింది. దాన్ని వేరే గేమ్‌గా పక్కన పెట్టకుండా, తన గేమ్ దుకాణం స్టీమ్‌లో పాత కౌంటర్ స్ట్రైక్ (సీఎస్ గో) ఉన్న చోటనే కూర్చోబెట్టింది. 2012 నుంచి పాత గేమ్ ఆడుతున్నవాళ్లు అప్‌డేట్ అయ్యాక తెరిచి చూస్తే కొత్త గేమ్ ఎదురైంది. పాతదానికి కోర్ 2 డ్యుయో ఈ6600 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 15 జీబీ డిస్క్ జాగా ఉంటే చాలు. కొత్తది కనీసం నాలుగు థ్రెడ్ల (ఒకేసారి నాలుగు పనుల వరసలు నడిపే) ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, డైరెక్ట్‌ఎక్స్ 11 నడిపించే 1 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 85 జీబీ జాగా కావాలంది. కొద్ది రోజులకే వాల్వ్ మరో మాట చెప్పింది. డైరెక్ట్‌ఎక్స్ 9 హార్డ్‌వేర్, 32 బిట్ విండోస్, మ్యాక్ మూడింటికీ సపోర్ట్ ఆపేశామని, ఆ మూడూ కలిపినా ఆడేవాళ్లలో ఒక శాతం కన్నా తక్కువేనని.

ఆ ఒక శాతం సంగతి అక్కడితో తేలిపోయింది. అంతకన్నా ఇబ్బంది పడినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల పీసీలో గేమ్ ఇన్‌స్టాల్ అవుతుంది, మెనూ వస్తుంది, మ్యాచ్ కూడా మొదలవుతుంది. తీరా పొగ గ్రెనేడ్ పడగానే స్క్రీన్ తడబడుతుంది. ఇలాంటి పీసీలు తెలుగు ఇళ్లలో రెండు రకాలుగా కనిపిస్తాయి. ఒకటి, పదేళ్ల కిందట సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట హెచ్61 లేదా హెచ్81 మదర్‌బోర్డు మీద అసెంబుల్ చేయించుకున్నది. రెండోది, ఏదో ఆఫీసులో వాడి అమ్మేసిన డెల్, హెచ్‌పీ, లెనోవో డెస్క్‌టాప్. రెండింటిలోనూ సాధారణంగా ఉండేది రెండో తరం నుంచి నాలుగో తరం దాకా ఇంటెల్ ఐ3 లేదా ఐ5, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, ఒక హార్డ్ డిస్క్.

ఇలాంటి పీసీకి డబ్బు పెట్టేటప్పుడు చూడాల్సింది ప్రధానంగా ఒక్కటే. కొనే భాగం రేపు పీసీ మారినా వెంట వస్తుందా, లేక ఈ బోర్డుతో పాటే పోతుందా? ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్క్), గ్రాఫిక్స్ కార్డు, మంచి ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె) వెంట వస్తాయి. డీడీఆర్3 ర్యామ్, పాత సాకెట్ (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే గూడు) ప్రాసెసర్ రావు. వెంట వచ్చేవి కొత్తవి కొన్నా నష్టం లేదు. రానివాటిని సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితేనే ముట్టుకోవాలి. అయితే ఈ లెక్క వేసే ముందు జబ్బు ఏ భాగంలో ఉందో తెలియాలి. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది అది తెలియకుండా కొనడం వల్లే.

నెట్ తప్పా, పీసీ తప్పా

మౌస్ తిప్పినప్పుడు ఎదుటి గోడ, తుపాకీ, మొత్తం దృశ్యం కుదుపుతో కదిలితే తప్పు పీసీది. దృశ్యం నున్నగా తిరుగుతూనే ఎదుటి ఆటగాళ్లు మాత్రం ఒకచోట మాయమై మరోచోట తేలితే, గోడ వెనక్కి వెళ్లిపోయాక చావు నమోదైతే, తప్పు నెట్‌ది. రెండింటినీ ల్యాగ్ అనే అంటారు కాబట్టి నెట్ సమస్యకు గ్రాఫిక్స్ కార్డు కొన్నవాళ్లూ ఉంటారు, పీసీ సమస్యకు 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారినవాళ్లూ ఉంటారు. గేమ్ సెట్టింగ్స్‌లో టెలిమెట్రీ అనే విభాగం ఉంది. అందులో ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయం), పింగ్ (సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం), ప్యాకెట్ నష్టం (దారిలో పోయిన డేటా) స్క్రీన్ మీద కనిపించేలా పెట్టుకుంటే ఒక్క మ్యాచ్‌లో తేలిపోతుంది.

నెట్ విషయంలో దక్షిణాది ఆటగాళ్లకు కొంత కలిసొచ్చింది. వాల్వ్‌కు ముంబైలోనూ చెన్నైలోనూ సర్వర్లు ఉన్నాయి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ముంబై గీత గీసినట్టు చూస్తే 600 కిలోమీటర్ల పైచిలుకు, అంటే వెళ్లి రావడానికి భౌతికంగా పట్టేది ఆరేడు మిల్లీసెకన్లు. అదే సింగపూర్ సర్వర్ పడితే దూరానికే 30 మిల్లీసెకన్లు దాటుతాయి. ఆపైన సర్వీస్ ప్రొవైడర్ తిప్పే చుట్టుదారులు అదనం. బ్యాండ్‌విడ్త్ పెంచితే ఈ దూరం తగ్గదు. గేమ్‌కు కావలసింది వేగం కన్నా నిలకడ. అపార్ట్‌మెంట్‌లో పది రూటర్లు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే అరుస్తుంటే పింగ్ ఎగిరెగిరి పడుతుంది. రూటర్ నుంచి ఒక లాన్ కేబుల్ లాగితే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. ఇంట్లో ఎవరి ఫోనో ఫొటోలన్నీ క్లౌడ్‌కు ఎక్కిస్తుంటే అప్‌లోడ్ నిండిపోయి మ్యాచ్ పాడవడం కూడా మామూలే. దానికి హార్డ్‌వేర్‌తో పని లేదు.

సగటు ఎఫ్‌పీఎస్ చూసి మోసపోవద్దు

పీసీ తప్పే అని తేలాక మొదట చూడాల్సిన సంఖ్య ఎఫ్‌పీఎస్ (సెకనుకు స్క్రీన్ మీద వచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు) అని అందరూ అనుకుంటారు. నిజానికి కంటికి తెలిసేది ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయం. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్లు, 144 అంటే దాదాపు 7. ఒక సెకనులో 90 ఫ్రేములు వచ్చాయనుకుందాం. అందులో 89 ఫ్రేములు చకచకా వచ్చి, ఒక్కటి మాత్రం 200 మిల్లీసెకన్లు తీసుకుంటే, లెక్కలో అది 90 ఎఫ్‌పీఎస్సే. ఆడేవాడికి మాత్రం తుపాకీ గురి పెట్టిన క్షణంలో స్క్రీన్ గడ్డకట్టినట్టు. అందుకే బెంచ్‌మార్క్ చేసేవాళ్లు సగటుతో పాటు '1 శాతం లో' అనే సంఖ్య చెబుతారు. అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం అది. పాత పీసీని బాగుచేయడమంటే ముందుగా ఈ సంఖ్యను పైకి లాగడం. సగటు 150 నుంచి 180కి వెళ్లినా ఈ సంఖ్య 30 దగ్గరే ఉంటే పెట్టిన డబ్బుకు ఫలితం లేనట్టే. ఆర్‌టీఎస్‌ఎస్, క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు దీన్ని కొలిచి చూపిస్తాయి.

ఒక్క ఫ్రేమ్ తయారవ్వాలంటే ముందు ప్రాసెసర్ ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎటు వెళ్లింది, ఏ వస్తువు గీయాలి అన్నది లెక్కకట్టి గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తుంది. కార్డు ఆ వస్తువులకు రంగు, నీడ, వెలుతురు అద్ది స్క్రీన్ మీద పెడుతుంది. ఇద్దరిలో ఎవరు ఆలస్యం చేస్తే వాళ్ల వేగమే గేమ్ వేగం. ఎవరో తెలుసుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కు దించి, అదే మ్యాప్‌లో అదే చోట నిలబడాలి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగిందా, అడ్డం పడుతున్నది గ్రాఫిక్స్ కార్డు. ఉన్నచోటే ఉందా, ప్రాసెసర్ లేదా ర్యామ్. రిజల్యూషన్ తగ్గితే కార్డుకు పని తగ్గుతుంది కానీ ప్రాసెసర్‌కు తగ్గదు కాబట్టి ఈ తేడా.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 55 శాతమే చూపిస్తోంది కదా, అది బాగానే ఉంది అనుకోవడం ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. గేమ్ ముఖ్యమైన పని ఒకటి రెండు థ్రెడ్ల మీదే నడుస్తుంది. నాలుగు కోర్లలో ఒకటి పూర్తిగా మునిగిపోయినా మొత్తం లెక్కలో 25 శాతంగానే కనిపిస్తుంది. చూడాల్సింది గ్రాఫిక్స్ కార్డు వాడకం. అది 97, 98 దగ్గర నిలిచి ఉంటే పనంతా దాని మీద పడుతోంది. 50, 60 దగ్గర ఊగుతూ, ఎఫ్‌పీఎస్ మీద ఏ పరిమితీ పెట్టకుండా ఉంటే, ప్రాసెసర్ పని అప్పగించే దాకా కార్డు ఖాళీగా కూర్చుంటోందన్నమాట. అలాంటి పీసీలో కొత్త కార్డు పెడితే ఆ ఖాళీ ఇంకా పెరుగుతుంది.

ర్యామ్, డిస్క్: రెండూ కలిసి చేసే నష్టం

ఈ రెండింటినీ విడివిడిగా చూడటం అలవాటు కానీ, పాత పీసీలో అవి కలిసే దెబ్బతీస్తాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న పీసీలో విండోస్‌కే సగం పోతుంది. గేమ్‌కు చోటు చాలనప్పుడు విండోస్ కొంత సరుకును డిస్క్ మీది పేజ్ ఫైల్‌లోకి తోస్తుంది, అవసరమైనప్పుడు మళ్లీ వెనక్కి తెస్తుంది. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్‌లో హెడ్డు సరైన చోటికి కదిలి, పళ్లెం తిరిగి వచ్చేసరికి సుమారు 12 మిల్లీసెకన్లు. 60 ఎఫ్‌పీఎస్‌లో ఒక ఫ్రేమ్‌కు ఉన్న మొత్తం వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. అలాంటి చదువులు రెండు మూడు వరసగా పడితే ఫ్రేములు ఎగిరిపోక తప్పదు. ఎస్‌ఎస్‌డీలో అదే పని సుమారు 0.1 మిల్లీసెకనులో అయిపోతుంది.

కాబట్టి 8 జీబీ అన్నది గేమ్ తెరుచుకోవడానికే. వెనకాల క్రోమ్, డిస్కార్డ్ నడుస్తుంటే 16 జీబీ ఉన్నప్పుడే ఊపిరి ఆడుతుంది. ఎంత ఉందన్నది ఒక ఎత్తు, ఎలా అమర్చారన్నది ఇంకో ఎత్తు. ఒకే స్టిక్ పెడితే ప్రాసెసర్‌కు మెమరీతో ఒకే దారి ఉంటుంది. డీడీఆర్3 1600 ఒక స్టిక్ సెకనుకు 12.8 జీబీ పంపగలదు, ఒకే రకం స్టిక్కులు రెండు సరైన స్లాట్లలో ఉంటే 25.6 జీబీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా, ప్రాసెసర్‌లోనే ఉన్న హెచ్‌డీ 4600 లాంటి గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకు ఈ రెండో స్టిక్కే అన్నిటికన్నా పెద్ద లాభం. ఆ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, అదీ ఈ దారిలోనే తెచ్చుకోవాలి. దుకాణాల్లో ఒకే 8 జీబీ స్టిక్ పెట్టి ఇవ్వడం చాలా సాధారణం. ల్యాప్‌టాప్‌లదీ అదే కథ.

అయితే కొత్త డీడీఆర్3 కొనడం దండగ. ఈ బోర్డు దాటితే అది దేనికీ పనికిరాదు. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా ఎక్కాయి. ఆ డిసెంబర్‌లోనే మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్‌తో సామాన్య వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పాత ఆఫీసు పీసీలు విప్పి అమ్మేవాళ్ల దగ్గర దొరికే డీడీఆర్3 స్టిక్కులే ఇక్కడ సరైన దారి.

ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు, దాన్ని కొత్తదే కొనాలి. హెచ్61 బోర్డుల్లో సాటా 2 (డిస్క్ తగిలించే పాత, నెమ్మది రకం) పోర్టులే ఉంటాయి కాబట్టి, డబ్బా మీద 550 ఎంబీ అని రాసినా వేగం అందులో సగం దగ్గరే ఆగుతుంది. అలాగని బాధపడనక్కర్లేదు, పైన చెప్పిన 12 మిల్లీసెకన్ల నిరీక్షణ పోవడమే అసలు లాభం. ఎన్‌వీఎంఈ రకం (సాటా కాకుండా వేరే దారిలో నడిచే కొత్త ఎస్‌ఎస్‌డీ) జోలికి వెళ్లకపోవడం మంచిది, ఆ కాలం బోర్డులు చాలావరకు దాని నుంచి విండోస్‌ను బూట్ చేయలేవు. ఎస్‌ఎస్‌డీ పెట్టాక ఎఫ్‌పీఎస్ పెరగలేదని నిరాశపడేవాళ్లుంటారు. అది పెంచదు కూడా. మ్యాప్ త్వరగా లోడ్ అవుతుంది, మధ్యమధ్య గడ్డకట్టడం తగ్గుతుంది, విండోస్ అప్‌డేట్ వెనకాల నడుస్తున్నా గేమ్ బతుకుతుంది.

గ్రాఫిక్స్ కార్డు: ఎన్ని జీబీ అన్నది ఆఖరి ప్రశ్న

"4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంది, అయినా గేమ్ ఆడట్లేదు." ఈ ఫిర్యాదు వెనక ఎక్కువసార్లు జీటీ 730 ఉంటుంది. 2014లో వచ్చిన ఈ కార్డు ఒకే పేరుతో మూడు రకాలుగా అమ్ముడైంది. ఒక రకంలో అంతకు ముందు తరం ఫెర్మీ చిప్, మిగతా రెండింటిలో కెప్లర్ చిప్. కెప్లర్‌లోనే ఒకటి డీడీఆర్3 మెమరీతో, ఒకటి జీడీడీఆర్5తో. డీడీఆర్3 కెప్లర్ కార్డు మెమరీ సెకనుకు 14.4 జీబీ పంపగలదు, జీడీడీఆర్5ది 40. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 అయితే 128. డీడీఆర్3 కార్డు మీద 4 జీబీ అంటించినా దాన్ని చదివే దారి ఇరుకే. సన్నని పైపుకు ఎంత పెద్ద ట్యాంకు తగిలించినా కుళాయిలో వచ్చే ధార అంతే కదా. జీటీ 710, జీటీ 730 ఆఫీసు పనికి రెండో మానిటర్ తగిలించుకోవడానికి పుట్టిన కార్డులు. వాటిని గేమింగ్ కార్డులని అమ్మడం మన మార్కెట్‌లో పాత విద్యే. ఎన్విడియా కెప్లర్ తరానికి గేమ్ డ్రైవర్లు ఇవ్వడం 2021లోనే ఆపేసింది కూడా.

నాలుగో తరం ఐ5 పక్కన నిలబడగల కార్డు ఏదంటే, వెంటనే నోటికి వచ్చే పేర్లు జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650. రెండూ 75 వాట్ల కార్డులు. బోర్డు స్లాటే ఆ 75 వాట్లు ఇవ్వగలదు కాబట్టి వీటిలో చాలా మోడళ్లకు ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే వైరు అక్కర్లేదు. కానీ రెండింటి మధ్య ఇప్పుడొక గీత పడింది. 1050 టీఐ పాస్కల్ తరానిది. మ్యాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు గేమ్ రెడీ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆఖరని, ఆ తర్వాత 2028 దాకా మూడు నెలలకోసారి భద్రతా అప్‌డేట్లు మాత్రమే వస్తాయని ఎన్విడియా ప్రకటించింది. 1650 ట్యూరింగ్ తరం కాబట్టి ఆ గీతకు ఇవతల ఉంది. ఉన్న 1050 టీఐని పారేయాల్సిన పనేం లేదు. ఇవాళ సెకండ్ హ్యాండ్‌లో కొనబోయేవాళ్లు మాత్రం తేడా కొంచెమే అయితే 1650 వైపే మొగ్గాలి.

కొత్తది, చవకైనది అని కొంటే బోల్తా కొట్టించే కార్డులు రెండున్నాయి. ఒకటి ఏఎండీ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ. చూడటానికి పెద్ద స్లాట్‌లో కూర్చుంటుంది కానీ నాలుగు లేన్లే (బోర్డుతో డేటా మార్చుకునే దారులు) వాడుతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 (ఆ స్లాట్ వేగపు ప్రమాణం) ఉన్న కొత్త బోర్డులో అది సరిపోతుంది. హెచ్61లో రెండో తరం ప్రాసెసర్ ఉన్నా, హెచ్81లో ఏది ఉన్నా, స్లాట్ నడిచేది 2.0లోనే. అక్కడ ఆ నాలుగు లేన్లకు సెకనుకు 2 జీబీయే దక్కుతుంది. కార్డు మీదున్న 4 జీబీ మెమరీ నిండిందంటే గేమ్ తడబడటం ఖాయం. రెండోది ఇంటెల్ ఆర్క్ కార్డులు. రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉన్న బోర్డులోనే అవి సరిగ్గా పనిచేస్తాయి. పదేళ్ల నాటి బోర్డుల్లో అది ఉండదు. స్ట్రీమింగ్ కూడా చేద్దామనుకునేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. జీటీ 1030లోనూ, ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీల్లోనూ వీడియో ఎన్‌కోడర్ (ఆటను వీడియోగా కుదించే చిప్ భాగం) లేదు. ఆ భారం కూడా పాత ప్రాసెసర్ మీదే పడుతుంది.

ఆన్‌లైన్‌లో మరీ తక్కువ ధరకు కనిపించే 1050 టీఐలలో నకిలీవి ఉంటాయి. ఫెర్మీ కాలం నాటి కార్డుకు బయోస్ (లోపలి మూల సాఫ్ట్‌వేర్) మార్చి కొత్త పేరు పెడతారు, విండోస్ కూడా ఆ పేరే చూపిస్తుంది. జీపీయూ-జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ 2018 నుంచి ఇలాంటివాటిని పసిగట్టి పేరు ముందు నకిలీ అని చూపిస్తోంది. డబ్బిచ్చే ముందే దాన్ని నడిపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

కార్డు పెట్టాక మానిటర్ వైరును కార్డుకే తగిలించాలి. ఇది కూడా చెప్పాలా అనిపిస్తుంది కానీ, వైరు మదర్‌బోర్డు పోర్టులోనే ఉండిపోయి, కొత్త కార్డు పనిచేయట్లేదని దుకాణానికి తిరిగొచ్చే కేసులు ఇప్పటికీ ఉన్నాయి.

కరెంటు, వేడి

ఎస్‌ఎంపీఎస్ గురించి ఎవరూ ముందు ఆలోచించరు. కార్డు కొన్నాక ఆలోచిస్తారు. అసెంబుల్డ్ క్యాబినెట్లతో పాటు వచ్చే చవక ఎస్‌ఎంపీఎస్‌ల మీద 450 వాట్లని రాసి ఉన్నా, ప్రాసెసర్‌కూ కార్డుకూ కావలసిన 12 వోల్టుల లైన్‌లో అది ఇవ్వగలిగేది చాలా తక్కువ. మ్యాచ్ మధ్యలో పీసీ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంటే అనుమానించాల్సింది దీన్నే. బ్రాండెడ్ ఆఫీసు పీసీలది మరో రకం చిక్కు. డెల్ ఆప్టిప్లెక్స్ 9020లో ఎస్‌ఎంపీఎస్ నాణ్యమైనదే, కానీ బోర్డుకు వెళ్లే ప్రధాన కనెక్టర్ మామూలు 24 పిన్నులది కాదు, డెల్ సొంత 8 పిన్నుల రకం. బజారులో దొరికే ఎస్‌ఎంపీఎస్ నేరుగా తగలదు. కానీ 84 వాట్ల ఐ5-4570కి 75 వాట్ల కార్డు కలిపినా మొత్తం వాడకం 200 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది. టవర్ మోడల్‌లోని 290 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అలాగే మోయగలదు. సన్నగా ఉండే చిన్న మోడల్ అయితే సగం ఎత్తు కార్డు వెతకాలి, మామూలుది లోపల పట్టదు. 185 వాట్ల ఆర్‌ఎక్స్ 580 చవగ్గా వచ్చిందని ఇలాంటి పీసీకి కొంటే ఎస్‌ఎంపీఎస్ మార్పు కూడా మెడకు చుట్టుకుంటుంది.

వేడి లెక్క సులువు. కూలర్ చేసేది ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కన్నా ఇన్ని డిగ్రీల పైన నిలపడం. ఆ తేడా 50 డిగ్రీలైతే జనవరిలో 25 డిగ్రీల గదిలో 75 దగ్గర ఉంటుంది, మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 42 డిగ్రీల గదిలో 92కు ఎక్కుతుంది. పదేళ్ల పాత థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పూత) ఎండిపోయి, కూలర్ రెక్కల్లో దుమ్ము పేరుకుని ఉంటే ఆ తేడాయే 60, 65 అవుతుంది. సుమారు 100 డిగ్రీల దగ్గర ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి మ్యాచ్ బాగుండి, రెండోది తడబడటానికి కారణం తరచుగా ఇదే. కొత్త పేస్ట్, ఒక బ్రష్, అరగంట. ఏ భాగమైనా కొనే ముందు ఈ పని చేసి మళ్లీ కొలవాలి. ఇంటెల్ పాత కూలర్లకు ఉండే నాలుగు ప్లాస్టిక్ పిన్నులు తీసి పెట్టేటప్పుడు సరిగ్గా బిగిశాయో లేదో బోర్డు వెనక నుంచి చూసుకోవడం మంచిది.

ప్రాసెసర్ మార్పు

పరీక్షలో తప్పు ప్రాసెసర్‌దే అని తేలితే దారులు తక్కువ. అదే సాకెట్‌లో కూర్చునే పెద్దదాన్ని తేవడం ఒక్కటే ఈ బోర్డు మీద మిగిలిన మార్గం. రెండు కోర్ల ఐ3-4130 ఉన్నచోట నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్ల ఐ7-4770 పెడితే తేడా బాగా కనిపిస్తుంది, ముఖ్యంగా ఆ 1 శాతం లో సంఖ్యలో. ఐ5-4570 నుంచి ఐ7కు వెళ్తే లాభం అంతకన్నా చిన్నది. వెనకాల డిస్కార్డ్, రికార్డింగ్ నడిపేవాళ్లకు తెలుస్తుంది, గేమ్ ఒక్కటే ఆడేవాళ్లకు పెద్దగా తెలియదు. సర్వర్ల నుంచి తీసిన జియాన్ ఈ3-1230 వీ3 లాంటివి అదే సాకెట్‌లో ఐ7కు దగ్గరి పనితనంతో, తరచుగా తక్కువ ధరకు దొరుకుతాయి. వాటిలో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి విడి కార్డు తప్పనిసరి. ముందు బోర్డు కంపెనీ ఇచ్చిన జాబితాలో ఆ ప్రాసెసర్ ఉందో లేదో, దానికి ఏ బయోస్ కావాలో చూసుకోవాలి.

గేమ్ సెట్టింగ్స్ దగ్గరా ఇదే సూత్రం. రిజల్యూషన్, ఎంఎస్‌ఏఏ (అంచులను నున్నగా చేసేది), ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసేది) ఈ మూడూ కార్డు భారాన్ని మారుస్తాయే గాని ప్రాసెసర్ భారాన్ని మార్చవు. ఎఫ్‌పీఎస్ 70కీ 140కీ మధ్య ఊగుతుంటే 90 దగ్గర పరిమితి పెట్టి ఆడటం కంటికి హాయిగా ఉంటుంది. పోటీల్లో ఆడేవాళ్లు దీనికి ఒప్పుకోరు, పరిమితి వల్ల కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుందని వాళ్ల వాదన. అది నిజమే కానీ, 60 హెర్ట్జ్ మానిటర్ మీద పాత ఐ5తో ఆడే మనిషికి తడబాటు చేసే నష్టం అంతకన్నా ఎక్కువ.

వేగం ఉన్నా లోపలికి రానివ్వని తలుపు

ఇప్పటిదాకా చెప్పిందంతా వేగం గురించి. పాత పీసీలకు గట్టి హద్దు గీస్తున్నది మాత్రం వేగం కాదు. వాలరాంట్ 2020లో వచ్చినప్పుడు 60 ఎఫ్‌పీఎస్‌కు రయట్ సంస్థ సూచించింది ఐ3-4150, జీటీ 730. అంటే నాలుగో తరం పీసీ దానికి హాయిగా చాలు. కానీ ఆ గేమ్‌తో పాటు వచ్చే వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ (మోసాలు పట్టే సాఫ్ట్‌వేర్), విండోస్ 11లో టీపీఎం 2.0 (పీసీలోని భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే పీసీ మొదలయ్యేలా చూసే ఏర్పాటు) రెండూ ఉంటేనే ఆడనిస్తుంది. 2025 అక్టోబర్‌లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 కూడా సెక్యూర్ బూట్ అడుగుతుంది. మోసం చేసే సాఫ్ట్‌వేర్లు విండోస్ కన్నా ముందే లోడ్ అయి దాక్కుంటున్నాయి కాబట్టి, బూట్ అయ్యే క్షణం నుంచే కాపలా కావాలన్నది కంపెనీల వాదన.

మరోపక్క విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సామాన్య వినియోగదారులకు అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ దాకా. విండోస్ 11 అధికారికంగా అడిగేది ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆపైనవి. రెండో తరం నుంచి నాలుగో తరం దాకా ఉన్న పీసీల్లో అడ్డదారిన విండోస్ 11 వేసే చిట్కాలు చాలా తిరుగుతున్నాయి. విండోస్ వరకు అవి పనిచేస్తాయి. వాలరాంట్ ఆడేవాళ్లకు మాత్రం అదే ఉరి, ఎందుకంటే విండోస్ 10లో తెరుచుకున్న గేమ్ ఆ అడ్డదారి విండోస్ 11లో ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. కౌంటర్ స్ట్రైక్ 2 సొంత మ్యాచ్‌లకు ఈ షరతు లేదు కాబట్టి దాని వరకు పాత పీసీకి ఇంకొంత ఆయుష్షు ఉంది. అందుకే ఏ గేమ్ కోసం అన్నది తేల్చుకోకుండా పీసీ మీద డబ్బు పెట్టకూడదు. వాలరాంట్ కోసమైతే నాలుగో తరం బోర్డులో ప్రాసెసర్, ర్యామ్ మార్చడం ఇప్పుడు తెలివైన పని కాదు.

అక్కడ లెక్క వేరేలా వేయాలి. ఆఫీసులు విండోస్ 11 కాలంలోనూ వాడుతూ క్రమంగా వదిలించుకుంటున్న ఎనిమిదో తరం ఐ5-8400, ఐ5-8500 పీసీలు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో దొరుకుతున్నాయి. ఆరు కోర్లు, డీడీఆర్4, టీపీఎం 2.0 అన్నీ ఉంటాయి. పాత పీసీలో పెట్టిన సాటా ఎస్‌ఎస్‌డీ, 75 వాట్ల కార్డు క్యాబినెట్ ఎత్తు సరిపోతే నేరుగా ఇందులోకి వస్తాయి. ప్రాసెసర్ ఒక్కటే కొని ఆరో తరం హెచ్110 బోర్డులో పెడదామనుకోవడం మాత్రం కుదరదు. సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151 అని ఒకటే అయినా ఎనిమిదో తరం ప్రాసెసర్ 300 సిరీస్ బోర్డులోనే నడుస్తుంది. ఇక అమ్మేవాళ్లు సాధారణంగా విండోస్ వేసి, డెస్క్‌టాప్ చూపించి ఇస్తారు. అప్పుడే రన్ బాక్స్‌లో టీపీఎం.ఎంఎస్‌సీ అని కొట్టి వెర్షన్ 2.0 అని ఉందా, ఎంఎస్‌ఇన్ఫో32లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా అని చూడాలి. ఆఫ్‌లో ఉంటే బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేయించాలి. బయోస్ పాస్‌వర్డ్ అడిగితే, ఆ ఆఫీసు పెట్టిన పాస్‌వర్డ్ అమ్మేవాళ్ల దగ్గర లేకపోతే, ఆ పీసీని అక్కడే వదిలేసి పక్కది చూపించమనాలి.